టాన్సిల్స్ తీయిస్తే బాబుకు నయమవుతుందని ముందే చెప్పగలమా?

కరీంనగర్ జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక తల్లి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఆమె చెప్పిన విషయం క్లుప్తంగా ఇది.

పెద్దబ్బాయికి ఎనిమిదేళ్లు, బరువు 38 కిలోలు, ఎత్తు 128 సెంటీమీటర్లు. రెండేళ్లుగా ప్రతి రాత్రీ గురక పెడుతున్నాడు. తలుపు వేసినా పక్క గదిలోకి వినిపిస్తుంది. నోరు తెరుచుకుని, మెడ వెనక్కి వాల్చి పడుకుంటాడు. మధ్యమధ్య కొన్ని క్షణాలు ఊపిరి ఆగినట్లయి, ఒక్కసారిగా ఎగపీల్చి పక్కకు దొర్లుతాడు. చలికాలంలోనూ దిండు చెమటతో తడుస్తుంది. వారంలో రెండు మూడు రాత్రులు పక్క తడుపుతాడు. పొద్దున లేపితే చిరాకు పడతాడు. తరగతిలో కునుకుతున్నాడని, చెప్పింది ఒంటపట్టడం లేదని టీచరు డైరీలో రాసి పంపుతున్నారు. వానాకాలంలో, చలికాలంలో పిల్లికూతలు వస్తే ఇన్‌హేలర్ వాడుతున్నారు.

హైదరాబాద్‌లో రాత్రంతా ఉంచి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో శ్వాసను, ఆక్సిజన్‌ను కొలిచే పరీక్ష, చేయించారు. నిద్రలో గంటకు సగటున 7.6 సార్లు శ్వాస ఆగడమో సన్నబడడమో జరుగుతోందని, ఒక దశలో ఆక్సిజన్ 86 శాతానికి పడిపోయిందని రిపోర్టు వచ్చింది. మొదట చూసిన ఈఎన్‌టీ డాక్టరు టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే అలాంటి కండ) తీసేస్తే పూర్తిగా తగ్గిపోతుందని భరోసా ఇచ్చారు. రెండో డాక్టరు మాత్రం, బాబు బరువు ఎక్కువ కాబట్టి ఆపరేషన్ చేసినా తగ్గకపోవచ్చని, ఆరు నెలలు ముక్కులో స్ప్రే వాడుతూ బరువు తగ్గించి చూద్దామని అన్నారు. భర్త "నూటికి నూరు పాళ్లు తగ్గుతుందని ఎవరైనా చెబితేనే చేయిద్దాం" అంటున్నారు. అత్తగారు టాన్సిల్స్ తీస్తే ఒంట్లో రక్షణ పోతుందని భయపడుతున్నారు. డాలస్‌లో ఉన్న ఆడపడుచు కొడుక్కి ఇదే ఆపరేషన్ జరిగాక కూడా రాత్రిపూట మాస్కుతో గాలి పంపే యంత్రం పెట్టుకోవాల్సి వస్తోందన్న సంగతి ఇంట్లో అందరినీ వెనక్కి లాగుతోంది. ఈమె ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట 79 శాతం మందికి నయమైందని, మరోచోట 27 శాతం మందికే నయమైందని కనిపించింది. "ఏది నిజం? మా బాబు ఏ వైపు ఉంటాడో ముందే తెలుసుకునే మార్గం లేదా? తెలియకుండా పిల్లవాణ్ణి ఆపరేషన్ బల్ల మీద ఎలా పడుకోబెట్టను?" అని అడిగారు. ఉత్తరం చివర, మూడేళ్ల కూతురు కూడా గురక పెడుతోందని, ఆ పాపకూ ఇప్పుడే పరీక్షలు చేయించాలా అని మరో ప్రశ్న చేర్చారు.

అమ్మా,

మీరు రాత్రుళ్లు మేలుకుని గమనించిన విషయాలను అంత వివరంగా రాసినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఆ వివరాలు మీ ఆందోళనకు సాక్ష్యాలు మాత్రమే కావు, మీరు అడిగిన ప్రశ్నకు జవాబులో సగభాగం వాటిలోనే ఉంది. అదెలాగో చెప్పే ముందు, రిపోర్టులోని 7.6 అనే అంకె గురించి ఒక మాట. పెద్దవాళ్లలో గంటకు ఐదు లోపు ఉంటే మామూలే అంటారు కాబట్టి, ఏడున్నర పెద్ద విషయం కాదని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. పిల్లలకు ఆ కొలత వర్తించదు. పిల్లల్లో గంటకు ఒకటి దాటితేనే అసాధారణం. ఐదు దాకా స్వల్పమని, ఐదు నుంచి పది దాకా మధ్యస్థమని, పది దాటితే తీవ్రమని సాధారణంగా లెక్కిస్తారు. కాబట్టి నిద్రలో ఊపిరికి అడ్డు తగిలే ఈ జబ్బు (స్లీప్ ఆప్నియా) మీ బాబులో మధ్యస్థాయిలో ఉంది. ఈ రాత్రే ఆస్పత్రికి పరుగెత్తవలసిన పరిస్థితి కాదు, అలాగని ఏళ్ల తరబడి చూస్తూ కూర్చోదగినదీ కాదు. మీకు ఆలోచించుకునే వ్యవధి ఉంది, దాన్ని సక్రమంగా వాడుకుందాం.

మీరు చూసిన రెండు అంకెలూ నిజమే. అవి ఒకదాన్నొకటి ఖండించడం లేదు, వేర్వేరు పిల్లల గురించి వేర్వేరు కొలతలతో చెబుతున్నాయి. 79 శాతం అన్నది అమెరికాలో 464 మంది పిల్లల మీద జరిగి 2013లో వెలువడిన ట్రయల్ నుంచి వచ్చింది. అందులో ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్ చేశారు, రెండో జట్టును ఆపరేషన్ లేకుండా గమనిస్తూ వచ్చారు. ఏడు నెలల తర్వాత మళ్లీ స్లీప్ స్టడీ చేస్తే ఆపరేషన్ జట్టులో 79 శాతం మందికి, ఆగి చూసిన జట్టులో 46 శాతం మందికి ఫలితం సాధారణ స్థాయికి వచ్చింది. అక్కడ సాధారణం అంటే గంటకు రెండు లోపు. పైగా మరీ తీవ్రమైన సమస్య ఉన్న పిల్లలను ఆ ట్రయల్‌లోకి తీసుకోలేదు. 27 శాతం అన్నది 2010లో వెలువడిన మరో పరిశీలనలోది. అందులో అమెరికా, ఐరోపా ఆస్పత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న 578 మంది పిల్లల రికార్డులు చూశారు. వాళ్లలో సుమారు సగం మందికి స్థూలకాయం ఉంది. ఆపరేషన్‌కు ముందు సగటున గంటకు 18.2 సార్లు శ్వాసకు అడ్డంకి ఏర్పడేది, అంటే చాలామందిది తీవ్రమైన సమస్యే. నయమైందనడానికి పెట్టుకున్న గీత కూడా కఠినమైనది, గంటకు ఒకటి లోపు ఉండాలన్నారు. ఆ గీత లోపలికి వచ్చినవాళ్లు 27.2 శాతమే. అయితే అదే పిల్లల్లో సగటు 18.2 నుంచి 4.1కి దిగింది. గీత దాటనివాళ్లందరినీ "ఆపరేషన్ ఫెయిలైనవాళ్లు" అనుకుంటే ఈ దిగడం కనబడకుండా పోతుంది.

మీ ఆడపడుచు గారి అబ్బాయి విషయంలోనూ ఇదే అడగాలి. ఆపరేషన్‌కు ముందు ఆ బాబు అంకె ఎంత, తర్వాత ఎంత? ముప్పై నుంచి ఎనిమిదికి వచ్చి, మిగిలిన ఆ ఎనిమిదికి యంత్రం వాడుతున్నాడేమో. అలాగైతే ఆపరేషన్ వృథా కాలేదు, చేయవలసిన పనిలో పెద్ద భాగం చేసింది. ఆ రిపోర్టులు చూడకుండా ఆ బాబు అనుభవాన్ని మీ బాబు భవిష్యత్తుగా తీసుకోవడం ఇద్దరికీ న్యాయం కాదు. ఒక ఫోను చేసి ఆ రెండు అంకెలూ అడిగి తెలుసుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న, ముందే చెప్పగలమా అన్నది. కొంతవరకు చెప్పగలం. కానీ "తగ్గుతుందా" అన్న ఆ ఒక్క ప్రశ్నలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. స్లీప్ స్టడీలోని అంకె సాధారణ స్థాయికి వస్తుందా అన్నది మొదటిది. బాబు పగలు, రాత్రి బాగుపడతాయా, అంటే గురక, పక్క తడపడం, చిరాకు, పగటి కునుకు తగ్గుతాయా అన్నది రెండోది. ఈ రెండింటి ఫలితాన్ని ముందుగా సూచించే సంగతులు ఒకటి కావు. మీరు కలిసిన డాక్టర్లిద్దరూ మొదటిదాని గురించే మాట్లాడారనిపిస్తోంది. మీరు మాత్రం ఉత్తరమంతా రెండోదాని గురించే రాశారు.

అంకె సంగతి ముందు చూద్దాం. పైన చెప్పిన 2010 నాటి పరిశీలనలో, ఆపరేషన్ తర్వాత కూడా సమస్య కొంత మిగలడానికి అవకాశం పెంచేవిగా తేలినవి ఇవి: ఏడేళ్లు దాటిన వయసు, అధిక బరువు, ఉబ్బసం, మొదట్లోనే అంకె ఎక్కువగా ఉండడం. డౌన్ సిండ్రోమ్, దవడ లేదా ముఖ ఎముకల నిర్మాణంలో తేడాలు, కండరాల బలహీనత ఉన్న పిల్లల్లో కూడా సమస్య మిగిలే అవకాశం ఎక్కువే, కానీ మీ బాబుకు అవి లేవు. మీ బాబుకు ఎనిమిదేళ్లు, ఆ ఎత్తుకు ఆ బరువు స్థూలకాయం కిందికే వస్తుంది, పిల్లికూతలు ఉన్నాయి. అంకె మాత్రం మధ్యస్థం. కాబట్టి "పూర్తిగా తగ్గిపోతుంది" అని మొదటి డాక్టరు గారు చెప్పిన మాటను నేను అంత ధీమాగా చెప్పలేను. గణనీయంగా తగ్గుతుందని ఆశించడం సబబు, సున్నాకి వస్తుందని మాట ఇవ్వడం సబబు కాదు. టాన్సిల్స్ ఎంత పెద్దవిగా ఉన్నాయన్నది చూసి అంచనా వేయవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. టార్చిలైటు వేసి చూసినప్పుడు కనిపించే పరిమాణానికీ, నిద్రలో వచ్చే అడ్డంకి తీవ్రతకూ సంబంధం అనుకున్నంత గట్టిది కాదు. చిన్న టాన్సిల్స్‌తో తీవ్రంగా బాధపడే పిల్లలున్నారు, పెద్ద టాన్సిల్స్‌తో హాయిగా నిద్రపోయే పిల్లలూ ఉన్నారు.

రెండో డాక్టరు గారి వాదనను కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మీ ఇంట్లో నిర్ణయం ఆగిపోయింది అక్కడే. బరువు ఎక్కువున్న పిల్లల్లో ఆపరేషన్ ఫలితం తక్కువగా ఉంటుందని ఆయన అన్నది నిజం. 2013 ట్రయల్‌లోనూ అదే కనిపించింది. కానీ అందువల్ల ఆగి చూడడమే మేలని తేల్చడం కుదరదు. ఎందుకంటే, అదే ట్రయల్‌లో ఆపరేషన్ లేకుండా ఆగి చూసిన పిల్లల్లో ఎవరికి దానంతటదే తగ్గిందని 2015లో పరిశీలించినప్పుడు, తొలి అంకె తక్కువగా ఉన్నవాళ్లకు, నడుము చుట్టుకొలత ఆ వయసు పిల్లల్లో పై పది శాతంలో లేనివాళ్లకు తగ్గే అవకాశం ఎక్కువని తేలింది. అంటే ఏ బరువునైతే ఆపరేషన్ వాయిదాకు కారణంగా చూపుతున్నారో, ఆ బరువే వాయిదా వేస్తే తగ్గే అవకాశం కూడా తక్కువని చెబుతోంది. ఆపరేషన్ ఫలితాన్ని ఊహలోని సంపూర్ణ ఆరోగ్యంతో పోల్చి చూస్తే అది తక్కువగానే కనిపిస్తుంది. పోల్చవలసింది మాత్రం ఆపరేషన్ లేకుండా గడిచే ఆరు నెలలతో.

ఆ పరిశీలనలో ఇంకో సంగతి మీకు ముఖ్యం. ఆగి చూసిన పిల్లల్లో 42 శాతం మందికి స్లీప్ స్టడీ ప్రకారం జబ్బు లేదనిపించుకునే స్థాయి వచ్చింది. కానీ మొదట్లో లక్షణాలు గట్టిగా ఉన్న పిల్లల్లో లక్షణాలు కూడా పోయినవాళ్లు 15 శాతమే. జబ్బు తగ్గిందని స్లీప్ స్టడీ చెప్పిన చాలామంది పిల్లల ఇళ్లలో గురక, చిరాకు కొనసాగుతూనే ఉన్నాయన్నమాట. అంకె, బాధ వేర్వేరు దారుల్లో నడవగలవని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు, నా దృష్టిలో అసలైనదానికి, వద్దాం. అదే ట్రయల్ సమాచారంతో 2015లో మరో విశ్లేషణ కూడా వెలువడింది. ఆపరేషన్ వల్ల పిల్లల ప్రవర్తన, పగటి నిద్రమత్తు, జీవన నాణ్యత ఎంత మెరుగుపడతాయో ముందుగా దేని ద్వారా అంచనా వేయవచ్చని అడిగారు. రాత్రంతా తీగలు తగిలించి చేసే స్లీప్ స్టడీ అంకెలు ఆ మెరుగుదలను ముందుగా చెప్పలేకపోయాయి. తల్లిదండ్రులు పూరించిన ప్రశ్నావళి చెప్పగలిగింది. అది మిషిగన్ విశ్వవిద్యాలయంలో తయారైన, 22 ప్రశ్నలున్న కాగితం. సగం కంటే ఎక్కువ సమయం గురక పెడతాడా, ఊపిరి ఆగడం చూశారా, నోటితో గాలి పీలుస్తాడా, పక్క తడుపుతాడా, పొద్దున అలసటగా లేస్తాడా, టీచరు నిద్రమత్తు గురించి చెప్పారా, చెప్పింది వినిపించుకోనట్లు ఉంటాడా, అధిక బరువు ఉందా అన్నవి అందులోని ప్రశ్నలు. మూడింట ఒక వంతుకు "అవును" అని వస్తే అనుమానించాలంటారు. లక్షణాల భారం ఎంత ఎక్కువ ఉంటే, ఆపరేషన్ తర్వాత పగటిపూట కనిపించే మేలు అంత ఎక్కువగా ఉంది. జబ్బును నిర్ధారించడానికి ఆ కాగితం స్లీప్ స్టడీకి బదులు కాదు. నిర్ధారణ అయ్యాక ఈ పిల్లవాడికి ఏం ఒరుగుతుందని అడిగినప్పుడు మాత్రం తల్లి కళ్లకు కనబడింది స్లీప్ స్టడీ చెప్పలేనిది చెప్పింది. మీ ఉత్తరంలోని వివరాలతో ఆ కాగితాన్ని నింపితే బాబు ఎక్కువ లక్షణాలున్న పిల్లల్లోనే ఉంటాడు. ఈ దృష్టితో చూస్తే, అతని పగళ్లు, రాత్రులు మెరుగుపడే అవకాశం బలంగానే ఉంది.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేయాలి. అదే ట్రయల్‌లో ప్రధానంగా కొలిచింది ఏకాగ్రతను, పనిని ఒక క్రమంలో చేసుకునే సామర్థ్యాన్ని. పరీక్ష పెట్టి చూసినప్పుడు ఆ విషయంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తల్లిదండ్రులు, టీచర్లు గమనించే ప్రవర్తనలో, నిద్రలో, జీవన నాణ్యతలో తేడా వచ్చింది. కాబట్టి తరగతిలో కునుకు, చిరాకు తగ్గుతాయని ఆశించండి, కానీ వచ్చే పరీక్షల్లో మార్కులు పెరుగుతాయన్న లెక్కతో ఆపరేషన్‌కు వెళ్లవద్దు. అలా వెళ్తే, బాబు హాయిగా నిద్రపోతున్నా, మార్కులు పెరగలేదని ఇంట్లో నిరాశ మిగులుతుంది, ఆ నిరాశ పిల్లవాడి మీదికే పోతుంది. ఇంకో సంగతి, ఈ అంకెలన్నీ దాదాపుగా అమెరికా పిల్లలవి. మన పిల్లల్లో చూడడానికి సన్నగా ఉన్నా నడుము దగ్గర కొవ్వు చేరడం ఎక్కువ కాబట్టి, తూకంతో పాటు నడుము చుట్టుకొలతను కూడా డాక్టరు చేత రాయించుకోండి.

మీ ముందున్న దారులు ఇవీ.

ఇప్పుడే ఆపరేషన్‌కు వెళ్లడం మొదటిది. దాని వల్ల ఊపిరి అడ్డంకి చాలావరకు తగ్గుతుందని, లక్షణాలు తేలికపడతాయని ఆశించవచ్చు. కొంత మిగిలిపోవచ్చని ముందే అనుకుని వెళ్లాలి. ఈ దారి ఎంచుకుంటే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పిల్లికూతలు అదుపులోకి వచ్చాకే తేదీ పెట్టించుకోండి. ఆ ముందు వారాల్లో జలుబు, దగ్గు, జ్వరం వస్తే దాచకుండా చెప్పి వాయిదా వేయించండి, మత్తుమందు ఇచ్చే డాక్టరుకు అది చాలా ముఖ్యమైన సమాచారం. ఉదయం చేసి సాయంత్రం పంపించే పద్ధతి మీ బాబుకు తగదు. బరువు ఎక్కువున్న, నిద్రలో ఆక్సిజన్ పడిపోతున్న పిల్లలను ఆ రాత్రి ఆస్పత్రిలోనే పరిశీలనలో ఉంచాలి. పిల్లలకు ఆక్సిజన్ సాయం, రాత్రి పర్యవేక్షణ ఉన్న చోటేనా అని ముందే అడగండి. నొప్పికి కోడీన్ ఉన్న మందు ఏ రూపంలోనూ వద్దు. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లల శరీరం దాన్ని అతివేగంగా మార్ఫిన్‌గా మార్చి ఊపిరి మందగించేలా చేస్తుందని తేలడంతో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే దీన్ని నిషేధించేంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. కొన్ని దగ్గు మందుల్లో అది ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉన్న సీసాను చూడకుండా పట్టవద్దు.

అన్నిటికంటే మిమ్మల్ని అప్రమత్తం చేయవలసింది రక్తస్రావం గురించి. ఎక్కువమంది పిల్లలకు రాదు, కానీ వస్తే మొదటి 24 గంటల్లోనో, లేదా ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య గొంతులోని తెల్లపొర ఊడే సమయంలోనో వస్తుంది. ఈ రెండోది ఇంటికి వెళ్లిపోయాక జరుగుతుంది. మీ ఊరి నుంచి హైదరాబాద్‌కు మూడు గంటల ప్రయాణం. ఎర్రటి రక్తం ఉమ్మినా, మింగుతూ ఉన్నట్లు అనిపించినా అంతసేపు కారులో కూర్చోవడం ప్రమాదం. కాబట్టి ఆ పది రోజులూ హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో ఉండండి, లేదా రాత్రివేళ కూడా ఈఎన్‌టీ డాక్టరు అందుబాటులో ఉండే కరీంనగర్ ఆస్పత్రిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఆపరేషన్ తర్వాత బరువు సంగతి చాలామంది మరిచిపోతారు. గొంతు నొప్పి తగ్గాక, నిద్ర బాగుపడ్డాక పిల్లలు బాగా తింటారు, ఊపిరి కోసం రాత్రంతా పడే శ్రమ కూడా తగ్గుతుంది. 2013 ట్రయల్‌లో అప్పటికే అధిక బరువున్న పిల్లల్లో ఆపరేషన్ జట్టువాళ్లు 52 శాతం మంది ఏడు నెలల్లో స్థూలకాయంలోకి వెళ్లారు, ఆగి చూసిన జట్టులో 21 శాతమే. పెరిగిన బరువు తగ్గిన జబ్బును వెనక్కి తీసుకురాగలదు. నాలుగు రోజులు ఐస్‌క్రీమ్ పెట్టండి, ఫరవాలేదు. ఐదో వారంలో కూడా "పాపం, ఆపరేషన్ అయిన పిల్లవాడు" అని అడిగినప్పుడల్లా చిప్స్ పొట్లం చేతికివ్వడం మాత్రం అతనికి మేలు చేయదు.

రెండో దారి, ఆగి చూడడం. అది తప్పు దారి కాదు, కానీ గడువు లేకుండా నడిస్తే తప్పవుతుంది. ముక్కులో స్ప్రే వాడడం వల్ల అడినాయిడ్ వాపు, ముక్కు దిబ్బడ తగ్గి కొంత తేలిక కలగవచ్చు. ఆస్ట్రేలియాలో జరిగి 2023లో వెలువడిన ఒక ట్రయల్‌లో గురకపెట్టే పిల్లలకు ఆరు వారాలు స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చినా, ఉత్త ఉప్పునీటి స్ప్రే ఇచ్చినా లక్షణాలు తగ్గినవాళ్ల శాతం దాదాపు సమానంగా, నలభై శాతానికి కాస్త పైన ఉంది. అంటే ముందు ఉప్పునీటి స్ప్రేతో మొదలుపెట్టినా నష్టం లేదు. ఉబ్బసానికి, అలర్జీకి ఇచ్చే మాంటెలూకాస్ట్ మాత్ర రాస్తే, వాడే రోజుల్లో పీడకలలు, దూకుడు, దిగులు లాంటి మార్పులు వస్తున్నాయేమో గమనించండి. ఆ మందు మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తీవ్ర హెచ్చరిక వేయించింది. మీ బాబు చిరాకు నిద్రలేమి వల్లనా, మందు వల్లనా అన్న గందరగోళం తలెత్తకూడదు. బరువు విషయంలో, ఎనిమిదేళ్ల పిల్లవాడు కిలోలు కోల్పోవాల్సిన పని లేదు. ఎత్తు పెరిగేదాకా బరువు 38 దగ్గర నిలబడితే అదే పెద్ద విజయం. కానీ సరిగా నిద్రలేని పిల్లవాడు అలసిపోయి ఆడడు, ఆకలి పెరిగి ఎక్కువ తింటాడు. నిద్ర బాగుపడకుండా బరువు అదుపు చేయడం ఎంత కష్టమో మీరే చూస్తారు. ఈ దారిలో వెళ్తే మూడు నెలల దగ్గర ఒకసారి ఆ 22 ప్రశ్నల కాగితం మళ్లీ పూరించండి, ఆరు నెలల దగ్గర స్లీప్ స్టడీ మళ్లీ చేయించండి. ఆ తేదీలు ఇప్పుడే క్యాలెండర్‌లో రాసిపెట్టండి. మధ్యలో ఊపిరి ఆగడం ఎక్కువైనా, పెదవులు నీలంగా మారినా, పగలు కూడా కూర్చున్నచోటే నిద్రపోతున్నా గడువు కోసం ఆగవద్దు.

మూడో దారి సీప్యాప్ యంత్రం, అంటే ముక్కు మీద మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి శ్వాసనాళం మూసుకోకుండా చూసేది. వాడినన్నాళ్లు బాగా పనిచేస్తుంది, కానీ రాత్రంతా మాస్కు ఉంచుకోవడం ఎనిమిదేళ్ల పిల్లవాడికి తేలిక కాదు. టాన్సిల్స్ పెద్దవిగా ఉన్న పిల్లవాడికి సాధారణంగా ఇది మొదటి మెట్టు కాదు. ఆపరేషన్ తర్వాత కూడా సమస్య మిగిలితేనో, ఆపరేషన్‌కు వీలుకాని పరిస్థితి ఉంటేనో దీన్ని ఆలోచిస్తారు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి దాచను. మీరు రాసిన లక్షణాలు, 86 శాతానికి పడిన ఆక్సిజన్, ఆగినా తగ్గే అవకాశం తక్కువని సూచించే బరువు, ఇవన్నీ చూశాక, కొద్ది వారాల్లో పిల్లికూతలు అదుపులోకి తెచ్చుకుని ఆపరేషన్‌కు వెళ్లడం వైపే నేను మొగ్గుతాను. ఒక షరతుతో మాత్రమే. ఆపరేషన్‌తో పని అయిపోయిందని అనుకోకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు బాబును మళ్లీ చూపించి, ఆ తర్వాత గురక ఆగినా ఆగకపోయినా స్లీప్ స్టడీ మళ్లీ చేయించాలి. సమస్య మిగిలే అవకాశం ఎక్కువున్న పిల్లలందరికీ ఈ రెండో పరీక్ష అవసరం. ఖర్చు చూసి, దూరం చూసి చాలా కుటుంబాలు దాన్ని మానేస్తాయి. గురక వినబడకపోతే జబ్బు పోయిందనుకుంటాయి. రాత్రంతా ఆస్పత్రిలో ఉండడం కుదరకపోతే, ఇంట్లోనే రాత్రి పొడవునా ఆక్సిజన్‌ను నమోదుచేసే ఆక్సీమీటరు అద్దెకు దొరుకుతుందేమో అడగండి. అందులో పదేపదే పడిపోవడం కనిపిస్తే అది నమ్మదగిన సాక్ష్యం, కానీ మామూలుగా కనిపించినంత మాత్రాన సమస్య లేదని తేల్చుకోవద్దు. రెండో పరీక్షలో కొంత మిగిలిందని తేలితే అక్కడి నుంచీ దారులున్నాయి. స్ప్రే, బరువు అదుపు, అంగిలి ఇరుకుగా ఉంటే దంతవైద్యులు దాన్ని వెడల్పు చేసే పరికరం, మత్తులో ఉంచి సన్నని కెమెరాతో అడ్డంకి ఎక్కడుందో చూడడం, ఆ పైన సీప్యాప్. ఇవన్నీ ఇప్పుడే చెబుతున్నది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ముందుగా వేసే అంచనా వల్ల అసలు ప్రయోజనం ఇదే, ఎవరికి తదుపరి మెట్టు అవసరం కావచ్చో ముందే తెలిసి సిద్ధంగా ఉండడం.

మీ వారితో మాట్లాడేటప్పుడు, నూటికి నూరు పాళ్ల హామీ ఏ డాక్టరూ నిజాయతీగా ఇవ్వలేరని, ఆగి చూడడానికి కూడా అలాంటి హామీ లేదని చెప్పండి. ఆ హామీ కోసం ఎదురుచూడడం అంటే తెలియకుండానే రెండో దారి ఎంచుకున్నట్లే. వీలైతే బాబు నిద్రలో ఊపిరి ఆగి ఎగపీల్చే రెండు నిమిషాల వీడియో తీసి ఆయనకు చూపించండి, తర్వాత డాక్టరుకూ చూపించండి. అత్తగారి భయం అర్థం చేసుకోదగినదే. టాన్సిల్స్ రక్షణ వ్యవస్థలో భాగమన్నది నిజం. అయితే అవి ఒక్కటే ఆ పని చేయవు. నాలుక మొదట్లో, గొంతు గోడల్లో, పేగుల్లో, ఒళ్లంతా ఉన్న లింఫు గ్రంథుల్లో ఆ పని సాగుతూనే ఉంటుంది. ఈ ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు రక్షణ లేనివాళ్లుగా మిగలడం లేదు. ఆవిడను కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆవిడ ప్రశ్నను ఆవిడ నోటితోనే అడగనివ్వండి. మీరు చెబితే వాదనగా వినిపించే మాట, డాక్టరు చెబితే సమాధానంగా వినిపిస్తుంది.

ఇక చిన్న పాప. మూడేళ్ల వయసులో జలుబు చేసినప్పుడు గురక రావడం సర్వసాధారణం, దానికి పరీక్షలు అక్కర్లేదు. జలుబు లేని రోజుల్లో కూడా వారంలో మూడు రాత్రులకు మించి గురక వస్తోందా, ఊపిరి ఆగడం, ఛాతీ లోపలికి గుంజుకోవడం కనిపిస్తున్నాయా, సరిగా తినక బరువు పెరగడం లేదా అన్నవి చూడండి. ఇవేవీ లేకపోతే మూడు నాలుగు నెలలు గమనిస్తూ, తేదీలతో రాసుకోవడం చాలు. స్వీడన్‌లో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు 60 మంది మీద జరిగి 2020లో వెలువడిన ట్రయల్‌లో, స్వల్ప, మధ్యస్థ సమస్య ఉన్నవాళ్లలో ఆపరేషన్ జట్టుకూ, ఆరు నెలలు ఆగిన జట్టుకూ స్లీప్ స్టడీ అంకెలో తేడా కొద్దిగానే ఉంది. జీవన నాణ్యతలో మాత్రం ఆపరేషన్ జట్టు బాగా ముందుంది. అంటే పాప విషయంలోనూ అడగవలసింది అంకెను కాదు, ఆ పిల్ల నిద్ర, తిండి, ఆట ఎలా ఉన్నాయని. పైన చెప్పినవాటిలో ఏదైనా కనిపిస్తే, బాబును తిరిగి చూపించడానికి వెళ్లే రోజునే పాపను కూడా వెంట తీసుకెళ్లండి.